పొద్దుటి షుగర్ కాలేయం రాసే లెక్క: తీపి తినే ఇంట్లో దాన్ని చదవడం, దించడం ఎలా

గోదావరి జిల్లాల్లో ఆషాఢం సారె దిగిన ఇంట్లోనైనా, సంక్రాంతికి అల్లుళ్ళు వచ్చిన ఇంట్లోనైనా మధుమేహం ఉన్న పెద్దవారు తరచుగా ఒకే రకమైన లెక్క వేసుకుంటారు. రాత్రి భోజనమయ్యాక రెండు పూతరేకులో, ఒక మడత కాజాయో తిని, రెండు గంటలాగి వేలు గుచ్చి చూసుకుంటారు. మీటరు 165 చూపిస్తే, భయపడినంత పెరగలేదని నిశ్చింతగా పడుకుంటారు. తెల్లవారి కాఫీ కూడా తాగకముందు చూస్తే 138 ఉంటుంది. రాత్రంతా ఏమీ తినకుండా ఈ చక్కెర ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాక కొందరు మీటరును అనుమానిస్తారు, మరికొందరు మాత్ర పనిచేయడం లేదనుకుంటారు. నిజానికి పరగడుపు అంకెను రాసేది ముఖ్యంగా కాలేయం. తీపి ఎక్కువగా తినే మనిషిలో ఆ అంకెను పైకి నెట్టేవి కాలేయ కణాల్లోని కొన్ని ఎంజైములు. అవి ఏ పని ఎప్పుడు చేస్తాయో తెలిస్తే, ఏ తీపిని ముందు తగ్గించాలో, ఏ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో నిర్ణయించుకోవడం కష్టం కాదు.

రాత్రిపూట జరిగే పంపిణీ

పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. షుగర్ 90 ఉన్నప్పుడు ఆ రక్తమంతటిలో కలిసి ఉండే గ్లూకోజ్ నాలుగున్నర గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు. మెదడు ఒక్కటే గంటకు దాదాపు 5 గ్రాములు వాడుకుంటుంది కనుక, పోసేవారు లేకపోతే ఆ చెంచాడు గంటలో ఖాళీ అవుతుంది. పోసేది కాలేయం. పరగడుపున ఉన్న ఆరోగ్యవంతుడి కాలేయం కిలో బరువుకు నిమిషానికి సుమారు 2 మి.గ్రా. చొప్పున గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతుంది. 60 కిలోల మనిషికి ఇది గంటకు 7 గ్రాములు, ఎనిమిది గంటల నిద్రలో 55 గ్రాములకు పైమాట. ఆ వేగం కొద్దిగా పెరిగినా పొద్దుటి అంకె మారిపోతుంది.

డెల్టాలో పుట్టినవారికి ఈ ఏర్పాటు కొత్తగా అనిపించదు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట గోదావరి నీటిని నిలిపి కాలువలకు కొలతగా వదిలినట్టే, కాలేయం కూడా భోజనం తర్వాత పోటెత్తిన గ్లూకోజ్‌ను లోపలికి తీసుకొని, తిండి లేని వేళ కొలతగా వదులుతుంది. లోపలికి తీసుకునే తలుపు గ్లూకోకైనేజ్ అనే ఎంజైము. ఇది గ్లూకోజ్‌కు ఒక ఫాస్ఫేట్ తగిలించి దాన్ని కణంలో నిలిపేస్తుంది. శరీరంలో ఇతర చోట్ల ఇదే పని చేసే ఎంజైములు చాలా తక్కువ గ్లూకోజ్ దగ్గరే పూర్తి వేగం అందుకుంటాయి. కాలేయంలోని గ్లూకోకైనేజ్ మాత్రం గ్లూకోజ్ 140–150 దగ్గరకు చేరితే గానీ సగం వేగానికి రాదు. మట్టం పెరిగినకొద్దీ తెరుచుకునే తూము వంటిది కనుకనే అది భోజనం తర్వాత గట్టిగా పనిచేసి, ఆకలి వేళ నెమ్మదిస్తుంది. బయటికి వదిలే తలుపు గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్. గ్లూకోజ్ నిల్వ రూపమైన గ్లైకోజెన్ కరిగి వచ్చినదైనా, లాక్టేట్, గ్లిజరాల్, ఆమైనో ఆమ్లాల నుంచి కాలేయం కొత్తగా తయారు చేసుకున్నదైనా, గ్లూకోజ్ దాదాపుగా అంతా చివరికి ఈ ఒక్క తలుపు గుండానే రక్తంలోకి పోవాలి.

ఈ తలుపులను ఎత్తి దించే లస్కరు ఇన్సులిన్. క్లోమం విడుదల చేసే ఇన్సులిన్ పోర్టల్ సిర ద్వారా మొదట కాలేయానికే చేరుతుంది. అందులో దాదాపు సగం అక్కడే ఖర్చవుతుంది. అది గ్లూకోకైనేజ్ తయారీని పెంచి, గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్‌నూ, కొత్త గ్లూకోజ్ తయారీలో కీలకమైన పెప్‌సీకే అనే ఎంజైమునూ అణచిపెడుతుంది. గ్లూకగాన్ అనే హార్మోను ఇందుకు సరిగ్గా ఎదురు పని చేస్తుంది. కాలేయం ఇన్సులిన్ మాట వినడం మానేసినప్పుడు వదిలే తలుపు రాత్రంతా కావలసిన దానికన్నా ఎక్కువ తెరుచుకునే ఉంటుంది; తెల్లవారుజామున కార్టిసాల్ వంటి హార్మోన్లు పెరిగే వేళకు ఇంకాస్త తెరుచుకుంటుంది. మధుమేహానికి మొదట రాసే మెట్‌ఫార్మిన్ ప్రధానంగా ఈ విడుదలనే తగ్గిస్తుంది.

మీటరుకు కనిపించని సగం

పంచదార అణువులో ఒక సగం గ్లూకోజ్, ఒక సగం ఫ్రక్టోజ్. ఇంట్లో వాడే మీటరు గ్లూకోజ్‌ను మాత్రమే కొలుస్తుంది. 20 గ్రాముల పంచదార తిన్న మనిషికి రెండు గంటల తర్వాతి అంకెలో నేరుగా కనిపించేది అందులో 10 గ్రాముల సంగతే. మిగతా 10 గ్రాముల ఫ్రక్టోజ్‌లో కొంత చిన్న పేగులోనే మారిపోతుంది. మోతాదు పెరిగినకొద్దీ, తాగే రూపంలో త్వరగా వచ్చినకొద్దీ, ఎక్కువ భాగం కాలేయానికి చేరుతుంది. అక్కడ దాన్ని పట్టుకునేది ఫ్రక్టోకైనేజ్. గ్లూకోజ్ కరిగే దారిలో, కణానికి శక్తి చాలినప్పుడు ఆపివేసే ఫాస్ఫోఫ్రక్టోకైనేజ్ అనే తనిఖీ ఒకటుంది. ఫ్రక్టోజ్ దారి ఆ తనిఖీకి దిగువన వచ్చి కలుస్తుంది. తూముకు తలుపుంటుంది గానీ గండికి ఉండదు; అందుకే ఫ్రక్టోజ్ ఎంత వస్తే అంతా లోపలికి పోతుంది.

ఫ్రక్టోజ్‌కు ఫాస్ఫేట్ తగిలించడానికి కణం, తనకు శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థాన్ని ఖర్చు చేస్తుంది, అలా విరిగిన ఏటీపీ శకలాలు చివరికి యూరిక్ ఆమ్లంగా మారుతాయి. తీపి పానీయాలు ఎక్కువగా తాగేవారిలో గౌట్ అనే కీళ్ళ నొప్పులు ఎక్కువ కావడానికి ఇది ఒక కారణం. తర్వాత ఆల్డొలేజ్-బి అనే ఎంజైము ఫ్రక్టోజ్‌ను రెండు ముక్కలు చేస్తుంది. ఆ ముక్కల్లో కొన్ని గ్లూకోజ్‌గా, గ్లైకోజెన్‌గా మారగా, కొన్ని కొవ్వు తయారీకి ముడిసరుకవుతాయి. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది దీని తర్వాతి మెట్టు. కాలేయ కణంలో ఈ ముక్కలు పోగుపడినప్పుడు జన్యువులను నడిపే ఒక ప్రోటీను మేల్కొని, కొవ్వు తయారుచేసే ఎంజైముల ఉత్పత్తితో పాటు గ్లూకోజ్-6-ఫాస్ఫటేజ్ ఉత్పత్తిని కూడా పెంచుతుంది. జంతువులపై జరిగిన పరిశోధనల్లో ఇది స్పష్టంగా కనిపించింది. తిన్నప్పుడు మీటరులో కనిపించని ఆ సగం, వారాల తరబడి కొనసాగితే, వదిలే తలుపును పెద్దది చేసి పొద్దుటి అంకెలో కనిపిస్తుందన్నమాట. పోగుపడిన కొవ్వు కాలేయాన్ని ఇన్సులిన్ మాట విననివ్వదు. విచిత్రమేమిటంటే, గ్లూకోజ్ విడుదలను ఆపమన్న మాటను పెడచెవిన పెట్టిన కాలేయమే, కొవ్వు తయారు చేయమన్న మాటను మాత్రం వింటూనే ఉంటుంది. అందుకే పరగడుపు షుగరూ, రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లూ తరచుగా జంటగా పెరుగుతాయి.

ఈ దారి ఎంత బలమైనదో రెండు అరుదైన పుట్టుక లోపాలు చూపిస్తాయి. ఫ్రక్టోకైనేజ్ లేకుండా పుట్టినవారికి మూత్రంలో ఫ్రక్టోజ్ పోవడం తప్ప ఏ హానీ ఉండదు. గండే పడలేదు కనుక ఊరు మునగదు. ఆల్డొలేజ్-బి లేకుండా పుట్టిన పిల్లలకు మాత్రం తీపి పెట్టిన ప్రతిసారీ వాంతులు, షుగర్ పడిపోవడం, క్రమంగా కాలేయం దెబ్బతినడం జరుగుతాయి. తీపి పెట్టగానే వాంతి చేసుకొని, తర్వాత తీపి చూస్తేనే ముఖం తిప్పుకునే పసిపిల్ల ఉంటే, అది మారాం అనుకోకుండా పిల్లల వైద్యుడికి చెప్పాలి.

కొద్దిపాటి ఫ్రక్టోజ్ విషయంలో ఎంజైముల ప్రవర్తన వేరుగా ఉంటుంది. ఆకలి వేళ గ్లూకోకైనేజ్‌ను ఒక ప్రోటీను కణ కేంద్రకంలో కట్టి ఉంచుతుంది, ఫ్రక్టోజ్ నుంచి వచ్చే పదార్థం కొంచెం తగిలితే ఆ కట్టు విడిపోతుంది. ఒక జామకాయలో ఉండేపాటి ఫ్రక్టోజ్, పీచుతో కలిసి నెమ్మదిగా వచ్చినప్పుడు, కాలేయం గ్లూకోజ్‌ను లోపలికి తీసుకోవడానికి సహాయపడగలదు. కాబట్టి పండును పంచదారతో ఒకే గాటన కట్టవద్దు. పండు కొరికి తినండి, రసం తీసి తాగవద్దు.

బెల్లం మాట

మన వైపు పంచదార మానేశామని చెప్పేవారిలో చాలామంది బెల్లానికి మారినవారే. అరిసెలు, సున్నుండలు, పాకం గారెలు బెల్లంతో చేసినవి కనుక పరవాలేదన్న నమ్మకం బలంగా ఉంది. బెల్లంలో అధిక భాగం పంచదారలో ఉండే సుక్రోజే; మిగిలిన దానిలో కూడా విడి గ్లూకోజ్, విడి ఫ్రక్టోజ్ ఉంటాయి. ఖనిజాలు కొద్దిగా ఉన్న మాట నిజమే గానీ, కాలేయానికి చేరేసరికి ఆ ఫ్రక్టోజ్‌కూ పంచదార ఫ్రక్టోజ్‌కూ తేడా లేదు. తాటి బెల్లానికీ, తేనెకూ, చెరుకు రసానికీ ఇదే మాట.

రిపోర్టులోని 'లివర్ ఎంజైములు' వేరు

పైన చెప్పిన ఎంజైములు కణం లోపల పనిచేస్తాయి. మామూలు ల్యాబులో వాటిని కొలవరు. ల్యాబు రిపోర్టులో కనిపించే ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, జీజీటీ వేరే ఎంజైములు. కాలేయ కణాలు దెబ్బతిన్నప్పుడు మొదటి రెండూ రక్తంలోకి కారి వస్తాయి. అవి షుగరును నడపవు, కానీ నడిపే చోట ఏదో దెబ్బ తగిలిందని చెబుతాయి. ఎస్‌జీపీటీ, జీజీటీ కొద్దికొద్దిగా పెరుగుతున్నవారికి ముందుముందు మధుమేహం వచ్చే అవకాశం ఎక్కువని అనేక అధ్యయనాలు చూపించాయి.

చాలా ల్యాబులు ఎస్‌జీపీటీకి 40 లేదా ఆ పైన హద్దు ముద్రిస్తాయి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ సూచించిన ఆరోగ్యకరమైన పై హద్దు పురుషులకు 29–33, స్త్రీలకు 19–25 మాత్రమే. 38 ఉండి, పక్కన గుర్తేమీ లేదని ఊరుకోవడం నడుము చుట్టుకొలత పెరిగిన మనిషికి మంచిది కాదు. దక్షిణాసియా వారికి నడుము హద్దు పురుషులకు 90 సెం.మీ., స్త్రీలకు 80 సెం.మీ.; మనవాళ్ళలో సన్నగా కనిపించేవారికి కూడా కాలేయంలో కొవ్వు చేరుతుంది. అలాగని ఎస్‌జీపీటీ మామూలుగా ఉంటే కొవ్వు లేదని కాదు, స్కానింగులో కనిపించకపోయినా పూర్తిగా లేదని కాదు. కొవ్వు తక్కువగా ఉన్నప్పుడు మామూలు అల్ట్రాసౌండు దాన్ని పట్టుకోలేదు.

కొవ్వు ముదిరి కాలేయం గట్టిపడుతోందేమో ఇంట్లోనే ఒక అంచనా వేసుకోవచ్చు. దీనిని ఫిబ్-4 అంటారు. వయసును ఎస్‌జీఓటీతో గుణించండి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకొని ఎస్‌జీపీటీ వర్గమూలంతో గుణించండి. మొదటి దాన్ని రెండో దానితో భాగించండి. వయసు 48, ఎస్‌జీఓటీ 40, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 2.4 లక్షలు అనుకుంటే, 48ని 40తో గుణిస్తే 1920, 240ని 8తో గుణిస్తే 1920, కాబట్టి ఫలితం 1. ఇది 1.3 కన్నా తక్కువైతే గట్టిపడిన అవకాశం తక్కువ. ఆ పైన ఉంటే వైద్యుడికి చూపించాలి, 2.67 దాటితే ఆలస్యం చేయకూడదు. 65 ఏళ్ళు దాటినవారికి కింది హద్దును 2గా తీసుకుంటారు.

ముందు కొలవండి

మార్పు మొదలుపెట్టేముందు ల్యాబులో పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ, ట్రైగ్లిజరైడ్లు, యూరిక్ ఆమ్లం, ప్లేట్‌లెట్లు ఒకేసారి చేయించుకోండి. పరగడుపు షుగర్ 100–125, హెచ్‌బీఏ1సీ 5.7–6.4 అయితే మధుమేహానికి ముందు దశ, 126, 6.5 చేరితే మధుమేహం. తర్వాత రెండు వారాల పాటు, రోజు విడిచి రోజు, రాత్రి భోజనం తర్వాత రెండు గంటలకు ఒకటి, మర్నాడు పరగడుపున ఒకటి, ఈ రెండు అంకెలనూ పక్కపక్కనే రాయండి. రాత్రి ఏమి తిన్నారో, ఎన్ని గంటలకు తిన్నారో కూడా రాయండి. భోజనం తర్వాతి అంకె 180 లోపు ఉండి పరగడుపు అంకె 130 పైన నిలిస్తే, చూడవలసినది ఆ పూట అన్నం కన్నా ముందుగా కాలేయాన్ని.

గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ వాడుతున్నవారు తీపిని హఠాత్తుగా తగ్గిస్తే షుగర్ పడిపోవచ్చు కనుక, వైద్యుడితో మాట్లాడి మోతాదు సరిచేయించుకున్నాకే మొదలుపెట్టాలి. అంకె 70 కన్నా తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకు మళ్ళీ చూసుకోవాలి. వోగ్లిబోస్, అకార్బోస్ వాడేవారికి మాత్రం అప్పుడు పంచదార చాలదు. పంచదారను విడగొట్టే పేగు ఎంజైమునే ఆ మాత్రలు అడ్డుకుంటాయి కాబట్టి వారు గ్లూకోజ్ పొడి దగ్గర ఉంచుకోవాలి.

తగ్గించే వరుస

ముందు తాగే తీపిని ఆపండి. మిఠాయి కన్నా ముందు పానీయం ఎందుకంటే, అదే గండి గుండా అతి వేగంగా పోయేది. 250 మి.లీ. కూల్‌డ్రింకులో సుమారు 26 గ్రాముల చక్కెర ఉంటుంది, చెరుకు రసం గ్లాసులో అంతకన్నా తక్కువేమీ ఉండదు. డెన్మార్క్‌లో 2012లో ప్రచురితమైన ఒక ప్రయోగంలో ఆరు నెలలు రోజూ లీటరు కోలా తాగినవారి కాలేయంలో కొవ్వు పెరిగింది. అన్నే కేలరీల పాలు తాగినవారిలో పెరగలేదు. రోజుకు నాలుగు టీలు, ఒక్కోదానిలో 5 గ్రాముల చెంచాలు రెండు, అంటే అక్కడే 40 గ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పిన హద్దు, 2000 కేలరీలు తినే మనిషికి, రోజుకు 50 గ్రాములు. వీలైతే 25 గ్రాములు. మిఠాయి ముట్టకుండానే ఆ హద్దు దాటిపోయేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. టీలో వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే నాలుక నెల రోజుల్లో అలవాటు పడుతుంది. ఎండలో దాహానికి కొబ్బరి బోండాం ఒకటి తాగవచ్చు, దానిలోని చక్కెర కూల్‌డ్రింకు కన్నా చాలా తక్కువ. కానీ పూటకు రెండేసి తాగితే అది కూడా లెక్కలోకి వస్తుంది.

రెండోది రాత్రి తీపి. రాత్రి పూట కండరాలు కదలవు, ఇన్సులిన్ పనితనం సాయంత్రానికి సాధారణంగా తగ్గుతుంది, ఆపై గంటల తరబడి నడిచేది కాలేయపు విడుదలే. తినాలనుకున్న తీపిని మధ్యాహ్న భోజనం చివరకు మార్చండి. ముందు పప్పు, కూర, చేప తిని, అన్నం తర్వాత తిని, చివరగా తీపి తింటే గ్లూకోజ్ నెమ్మదిగా ఎక్కుతుంది. పరగడుపున కాఫీతో బూరె తినడం ఇందుకు పూర్తిగా విరుద్ధం. రాత్రి భోజనం ఎనిమిది లోపు ముగించి, పావుగంటో ఇరవై నిమిషాలో కాలువ గట్టు మీద నడవండి. కదిలే కండరం ఇన్సులిన్ లేకుండానే గ్లూకోజ్‌ను లాక్కుంటుంది కనుక కాలేయం మీద పడే వరద తగ్గుతుంది.

కల్లు గానీ మద్యం గానీ అలవాటున్నవారు షుగర్ మాత్రలతో, ఖాళీ కడుపుతో తాగకూడదు. మద్యం కాలేయంలో కొత్త గ్లూకోజ్ తయారీని ఆపివేయడం వల్ల అర్ధరాత్రి షుగర్ పడిపోవచ్చు, అదే సమయంలో కొవ్వు పెరుగుతుంది.

బరువు ఎక్కువగా ఉన్నవారు శరీర బరువులో 5 శాతం తగ్గినా కాలేయపు కొవ్వు తగ్గుతుంది. 7–10 శాతం తగ్గితే కాలేయపు వాపు కూడా తగ్గే అవకాశం ఉంది. అయితే బరువు దిగేదాకా ఫలితం కోసం ఎదురుచూడనక్కరలేదు. 2017లో ప్రచురితమైన అధ్యయనంలో ఊబకాయం ఉన్న పిల్లలకు కేలరీలు తగ్గించకుండా, చక్కెర బదులు పిండి పదార్థాలు పెడితే, 9 రోజుల్లోనే కాలేయపు కొవ్వు 7.2 శాతం నుంచి 3.8 శాతానికి తగ్గింది. 2019లో ప్రచురితమైన మరొకదానిలో కొవ్వు కాలేయం ఉన్న మగపిల్లలకు 8 వారాలు చక్కెర దాదాపు లేని తిండి పెట్టారు. కొవ్వు 25 శాతం నుంచి 17 శాతానికి, ఎస్‌జీపీటీ 103 నుంచి 61కి తగ్గాయి. ఈ రెండోదానిలో నాకు ఎంతో విలువైనదిగా తోచిన సంగతి ఒకటుంది. ఆ తిండిని పిల్లవాడికి ఒక్కడికే కాక, ఇంటిల్లిపాదికీ ఏర్పాటు చేశారు. నాన్నగారికి చప్పటి టీ, మిగతా అందరికీ తియ్యటి టీ పెట్టే ఇంట్లో నాన్నగారి టీ ఎన్నాళ్ళు చప్పగా ఉంటుందో మనకు తెలుసు.

పండగ రోజు

ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. తాపేశ్వరం కాజా లేని సారె మన వైపు సారెలా అనిపించదు. వాటిని జీవితాంతం ముట్టవద్దని నేను చెప్పను, చెప్పినా జరగదు. పండగకు ముందు రెండు రోజులూ, తర్వాత రెండు రోజులూ ఇతర తీపి ఏదీ లేకుండా చూసుకొని, ఆ రోజు ఒక పూట, భోజనం చివర, ఒక్క రకం తినండి. ఇంట్లో చేసుకునే పూతరేకులైతే లోపల చల్లే పొడిని వంటింటి త్రాసు మీద తూచి, ఒక్కో దానికి ఎన్ని గ్రాములు పడుతుందో ఒకసారి చూసుకోండి. ఆ అంకె తెలిసిన చేయి తర్వాత తనంతట తానే తగ్గుతుంది. 'ఇంకొక్కటి వేసుకోండి అల్లుడుగారూ' అన్న అత్తగారికి కాదనడం కష్టమే. ఆ ఒక్కటీ ఆకులో వేయించుకునే బదులు పొట్లం కట్టించుకుంటే ఆవిడ మనసు నొచ్చుకోదు. మిగిలిన సారెను ఇంట్లో డబ్బాలో ఉంచవద్దు. ఊళ్ళో పంచేది సారె అని మన పెద్దవారు పెట్టిన పద్ధతే ఇక్కడ కాలేయానికి మేలు.

12 వారాలకు

హెచ్‌బీఏ1సీ సుమారు మూడు నెలల సగటును చెబుతుంది కాబట్టి అదే పరీక్షలన్నిటినీ 12 వారాల తర్వాత, వీలైతే అదే ల్యాబులో, మళ్ళీ చేయించండి. మొదట తగ్గేవి సాధారణంగా ట్రైగ్లిజరైడ్లు, ఆ తర్వాత పరగడుపు షుగర్, ఎస్‌జీపీటీ. ఎస్‌జీపీటీ అప్పటికీ దిగకపోతే తీపి ఒక్కటే కారణం కాకపోవచ్చు. హెపటైటిస్ బి, సి పరీక్షలు చేయించి, వాడుతున్న మందులతో పాటు నాటు మందులు, పసరు మందుల పేర్లు కూడా వైద్యుడికి దాచకుండా చెప్పాలి. పరగడుపు అంకె ఇంకా 130 పైన ఉంటే జంట అంకెలు రాసిన పుస్తకాన్ని తీసుకువెళ్ళి, భోజనం తర్వాత బాగానే ఉండి పొద్దున పెరుగుతోందని ఆ పేజీ తెరిచి చూపించండి. మందు మార్చాలా, వేళ మార్చాలా అన్నది ఆ పేజీ చూసి వైద్యుడు నిర్ణయిస్తాడు.